సర్కారు దవాఖానకు పేషెంటును తీసుకుపోతున్నారా? ముందు ఇది చదవండి

మా అమ్మ వాకిలి ఊడుస్తూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో ఎక్స్‌రే తీసి, డాక్టరు చూసి, ఆపరేషన్ చేయాలని చెప్పేసరికి రెండు గంటలు కూడా పట్టలేదు. ఆ తర్వాత మూడు రోజులు ఏ పనీ కదల్లేదు. ఆధార్‌లో ఆమె పేరు లక్ష్మమ్మ, రేషన్ కార్డులో లచ్చమ్మ. ఊళ్లో అందరూ పిలిచేది లచ్చమ్మ అనే కాబట్టి మాకది ఎప్పుడూ తేడాగా కనిపించలేదు. ఆరోగ్యశ్రీ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి కంప్యూటర్లో చూసి, "అన్నా, ఈ ఇద్దరూ ఒకరేనా?" అని అడిగింది. మంచం మీద మూలుగుతున్న మనిషి ఒకరే అని రుజువు చేయడానికి నేనూ మా తమ్ముడూ దవాఖానకూ మండల ఆఫీసుకూ మధ్య తిరిగాం.

ఆ తర్వాత ఊరివాళ్లను వెంటబెట్టుకుని చాలాసార్లే పోయాను. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలకు 2022లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు ప్రతిదానికీ పట్నం (హైదరాబాద్) బస్సెక్కిన జిల్లాలివి. ఇప్పుడు పెద్ద డాక్టర్లు గంట, గంటన్నర దూరంలోనే ఉన్నారు. అయినా మనవాళ్లు చూపించుకోకుండానే తిరిగి వస్తుంటారు. చాలావరకు రోగం వల్ల కాదు, తప్పు రోజున, తప్పు గదికి, ఒక కాగితం తక్కువతో పోవడం వల్ల. ఆ సంగతులు నేను నేర్చుకున్న వరుసలోనే చెబుతాను.

ముందు ఇంట్లో ఒక కవరు

పేషెంటు బాగున్నప్పుడే చేయాల్సిన పని ఇది. ఒక ప్లాస్టిక్ కవరు తీసుకోండి. అందులో ఆధార్, రేషన్ కార్డు, వాటి జిరాక్సులు నాలుగేసి, రెండు పాస్‌పోర్టు ఫొటోలు, ఒక పెన్ను పెట్టండి. పెన్ను చిన్న విషయమే అనిపిస్తుంది. దవాఖానలో అందరూ అడుక్కునే వస్తువు అదే.

రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన సంవత్సరం, తండ్రి లేదా భర్త పేరు కలుస్తున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఈ వారమే మీసేవకు పోయి దరఖాస్తు పెట్టండి. కొత్త కోడలి పేరు రేషన్ కార్డులో ఎక్కిందా, పుట్టిన పిల్లల పేర్లు ఎక్కాయా అన్నదీ చూడండి. కార్డు ఇంట్లో ఉన్నంత మాత్రాన సరిపోదు, అందులో పేషెంటు పేరుండాలి.

ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ముడిపడి ఉందో తెలుసుకోండి. పాలమూరు ఊళ్లలో ఇది పెద్ద తిప్పలు. తల్లి ఆధార్‌కు ఇచ్చిన నంబరు బొంబాయిలోనో పుణెలోనో పనిచేస్తున్న కొడుకుది అయి ఉంటుంది. ఇక్కడ కౌంటర్లో ఓటీపీ అడుగుతారు, అక్కడ కొడుకు సెంట్రింగ్ మీద ఉంటాడు, ఫోన్ ఎత్తడు. నంబరు మార్చుకోవడం ఆధార్ కేంద్రంలో ఒక పూట పని.

పాత చీటీలు, రిపోర్టులు తేదీల వరుసలో పెట్టండి. వాడుతున్న మందుల అట్టలు ఖాళీవైనా సరే కవర్లో వేయండి. "పొద్దున ఒక తెల్ల గోలీ, రాత్రి ఒక ఎర్ర గోలీ" అంటే ఏ డాక్టరుకూ ఏమీ అర్థం కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఉంటే దాచొద్దు. డాక్టరు తిడతాడు, తిట్టనివ్వండి. ఏ సూది పడిందో తెలియకుండా ఇంకో మందు ఇవ్వడం ఆయనకూ కష్టమే.

ఏ రోగానికి ఎక్కడికి

మనవాళ్లలో రెండు రకాలు. జలుబు చేసినా నేరుగా జిల్లా దవాఖానకు పోయేవాళ్లు కొందరు, ఛాతీలో నొప్పి వచ్చినా ఊళ్లోనే సోడా తాగి పడుకునేవాళ్లు ఇంకొందరు.

బీపీ, షుగర్ గోలీలకు, గర్భిణుల నెలనెలా పరీక్షలకు, పిల్లల టీకాలకు ఊళ్లోని సబ్ సెంటర్ లేదా పల్లె దవాఖాన చాలు. ఆశా కార్యకర్త నంబరు ఫోన్లో ఉంచుకోండి. పేషెంటు గడప దాటలేని స్థితిలో ఉంటే నెల గోలీలు ఎలా అందుతాయో ఆమెనే అడగండి.

జ్వరం, దగ్గు, విరేచనాలు, చిన్న గాయాలకు మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. చాలామందికి తెలియని లాభం ఒకటి అక్కడుంది. థైరాయిడ్, కిడ్నీ, లివర్ లాంటి రక్త పరీక్షలకు శాంపిల్ అక్కడే తీసుకుని జిల్లా కేంద్రంలోని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు పంపుతారు. పైసా ఖర్చు లేదు, ఫలితం ఫోన్‌కు మెసేజ్‌గా వస్తుంది. బయట ల్యాబులో వందలూ వేలూ పోయే ముందు, "సార్, ఇది మన దగ్గర అవుతుందా?" అని ఒక్కమాట అడగండి. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష కూడా అక్కడే చేస్తారు. టీబీ అని తేలితే మందులు పూర్తిగా ఉచితం, పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం అక్కడ ఇంకా ఉంది. నడుము, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఏళ్ల తరబడి నొప్పి గోలీలు కొని మింగుతుంటారు. ఆ గోలీలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. అలా వాడుతున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఒకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

ఎముకలు, కాన్పు, పిల్లల సమస్యలు, సర్జరీ డాక్టరు చూడాల్సినవి అయితే దేవరకొండ, మిర్యాలగూడ లాంటి చోట్ల ఉన్న ఏరియా ఆసుపత్రి. అంతకు మించినదైతే నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి జిల్లా కేంద్రాల్లో మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. కింది దవాఖాన నుంచి రెఫర్ చీటీ రాయించుకుని పోతే పైన పని తొందరగా అవుతుంది. అక్కడ ఏం చూశారో, ఏ మందు ఇచ్చారో ఆ చీటీలో ఉంటుంది కాబట్టి మళ్లీ మొదటి నుంచి కథ చెప్పనక్కర్లేదు.

కుక్క, పాము, పురుగుమందు

ఈ మూడింటికీ మన జిల్లాల్లో తరచూ ప్రాణాలు పోతుంటాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కుక్క కరిస్తే ముందు పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, లేకపోతే రెండు నిమిషాలకే ఆపేస్తాం. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. అదే రోజు దవాఖానకు పోండి. ఇప్పుడు సూది పొట్టలో వేయరు, భుజానికి వేస్తారు. మొదటి రోజు, తర్వాత 3వ, 7వ, 28వ రోజు. నాలుగోది చాలామంది ఎగ్గొడతారు, అప్పటికి గాయం మానిపోతుంది కదా అని. ఎగ్గొట్టొద్దు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇంకో మందు, ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. అది అన్నిచోట్లా ఉండకపోవచ్చు. "ఇక్కడ లేకపోతే ఎక్కడుంది?" అని అడిగి, ఆ రోజే అక్కడికి పోండి.

పాము కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు, కడియాలు తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేయండి. బండి ఆలస్యమైతే ఏ వాహనం దొరికితే అదెక్కండి. పామును వెతుకుతూ పొలంలో తిరగడం, మంత్రగాడి దగ్గర గంట కూర్చోవడం, ఈ రెండింటితోనే సమయం పోతుంది. కరిచిన వేళ మాత్రం గుర్తుపెట్టుకోండి. కట్లపాము సంగతి ఇంకా మోసం. రాత్రి కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే "గ్యాస్ అయి ఉంటుంది" అనుకోవద్దు.

పత్తి చేనులో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయినా, ఎవరైనా మందు తాగినా, ఆ డబ్బాను కూడా వెంట తీసుకుపోండి. అన్ని పురుగుమందులకూ విరుగుడు ఒకటి కాదు, డబ్బా మీద ఉన్న పేరును బట్టి డాక్టరు చికిత్స మొదలుపెడతాడు. తడిసిన బట్టలు విప్పేసి ఒళ్లు కడగండి. ఉప్పునీళ్లు తాగించి బలవంతంగా కక్కించొద్దు.

108కి ఫోన్ చేసినప్పుడు

2005 నుంచి ఉన్న నంబరే అయినా టెన్షన్‌లో మనకు మాట సరిగ్గా రాదు. ముందు మండలం, తర్వాత ఊరు, తర్వాత గుర్తు చెప్పండి. "మా ఇంటి దగ్గర" కాదు, "వాటర్ ట్యాంకు పక్కన గల్లీ". ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లున్న జిల్లాలివి. తండాల వాళ్లు పక్క ఊరి పేరు కూడా కలిపి చెప్పాలి. ఒక మనిషిని రోడ్డు మీద నిలబెట్టండి. గర్భిణులను కాన్పుకు తీసుకుపోవడానికి, తిరిగి తల్లీబిడ్డను ఇంట్లో దింపడానికి 102 అమ్మఒడి బండి ఉంది. తేదీ దగ్గరపడినప్పుడే ఆశా కార్యకర్తతో మాట్లాడుకుని ఉంచండి.

హైదరాబాద్, విజయవాడ హైవే మీదైనా, జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు హైవే మీదైనా ప్రమాదం చూసి గాయపడ్డవాళ్లను దవాఖానలో చేర్చితే, మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టడానికి లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో ఆ రక్షణ చేర్చారు. పోలీసు కేసు కాగితాలు అయ్యేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ప్రైవేటు దవాఖానకు కూడా అది వర్తిస్తుంది.

ఓపీ రోజు

పెద్ద దవాఖానకు పోయేది సోమవారం అయితే ఒకసారి ఆలోచించండి. ఆదివారం ఆగినవాళ్లంతా ఆ రోజే వస్తారు. ఆగగలిగిన రోగమైతే బుధవారమో గురువారమో పోండి. ఎప్పుడు పోయినా కౌంటర్ తెరిచే వేళకే అక్కడుండాలి. పదకొండింటికి చేరితే చీటీ దొరుకుతుంది, డాక్టరు చూస్తాడు, పరీక్షలు రాస్తాడు, ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చేసరికి ఓపీ అయిపోతుంది. మళ్లీ రేపు. ఆ "మళ్లీ రేపు"కి ఒక కూలీ, రెండు బస్సు టికెట్లు ఖర్చు. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి మా ఊళ్లో ఇప్పుడు పేషెంటు వెంట అక్కనో చెల్లెనో పంపుతున్నారు. మంచి ఏర్పాటే, డాక్టరు చెప్పింది వాళ్లు మగవాళ్ల కంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

చీటీ కౌంటర్ దగ్గర గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంటే, ఫోన్‌తో స్కాన్ చేసి టోకెన్ తీసుకోవచ్చు. పెద్ద ఫోన్ లేకపోతే లైన్‌లో నిలబడండి. లైన్‌లో మీరుండండి, పేషెంటును కుర్చీలో కూర్చోబెట్టండి. "ఏ డాక్టరు?" అని అడుగుతారు. డాక్టరు పేరు చెప్పనక్కర్లేదు, బాధ చెప్పండి. "మోకాలి నొప్పి" అంటే వాళ్లే ఎముకల ఓపీ రాస్తారు.

డాక్టరు ముందు మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. లైన్‌లో ఉన్నప్పుడే ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. బాధ ఏమిటి, ఎన్ని రోజులుగా, ఇంతకుముందు ఏ రోగాలున్నాయి. పేషెంటు పక్కింటి గొడవ నుంచి మొదలుపెడితే డాక్టరు వినడు, ఆయన వెనకాల ఇంకో ఎనభై మంది ఉంటారు. బయటికి వచ్చేముందు మీరు అడగాల్సినవి మాత్రం అడిగి తీరండి. రోగం పేరేమిటి? ఈ పరీక్షలు ఇక్కడే అవుతాయా? రిపోర్టు తెచ్చి ఏ గదిలో ఎవరికి చూపించాలి? మూడోది చాలామంది మరిచిపోతారు. రిపోర్టు చేతిలో పట్టుకుని ఏ గదికి పోవాలో తెలియక వరండాలో నిలబడినవాళ్లను నేను రోజూ చూశాను.

ఇంకో లోపలి విషయం. మెడికల్ కాలేజీ దవాఖానల్లో ఒక్కో విభాగంలో డాక్టర్లు యూనిట్లుగా ఉంటారు. సోమవారం ఒక యూనిట్ ఓపీ చూస్తే, మంగళవారం ఇంకొకటి. మిమ్మల్ని చూసిన యూనిట్ ఏ రోజుల్లో కూర్చుంటుందో చీటీ వెనకాల రాయించుకోండి. వేరే రోజు పోతే వేరే డాక్టరు ఉంటాడు. కథ మళ్లీ మొదటి నుంచి, ఒక్కోసారి పరీక్షలు కూడా.

మందుల కౌంటర్ దగ్గర చీటీలో రాసినవన్నీ ఇచ్చారో లేదో అక్కడే లెక్కచూసుకోండి. ఒకటి లేదంటే దాని బదులు లోపల ఉన్న మందు ఏదైనా రాస్తారా అని డాక్టరునే అడగండి. చాలాసార్లు రాస్తారు. అడగకుండా బయట కొనుక్కునేవాళ్లే ఎక్కువ.

చేర్చుకున్నాక

వార్డులో మొదటి రాత్రే అన్నీ అర్థమవుతాయి. ఒక మగ్గు, దుప్పటి, ప్లేటు, గ్లాసు, నీళ్ల సీసా, ఫోన్ చార్జర్ తీసుకుపోండి. దోమల కాయిల్ కంటే పాత చీర నయం. వెంట ఒక్కరే ఉండండి. పదిమంది వచ్చి మంచం చుట్టూ కూర్చుంటే సిస్టర్‌కు కోపం వస్తుంది, ఆ కోపం మీ పేషెంటు మీదే పడుతుంది.

పేషెంటు వైద్యం వివరాలు రాసే కేస్ షీట్ ఎక్కడ పెడతారో చూసి ఉంచుకోండి. స్కానింగ్‌కు పంపినప్పుడు అది వెంట లేక తిరిగి వచ్చిన సందర్భాలు బోలెడు. పొద్దున పెద్ద డాక్టరు రౌండ్లకు వచ్చే వేళ సిస్టర్‌ను అడిగి, ఆ గంటలో మాత్రం చాయ్‌కి పోవద్దు. మీరు లేనప్పుడు ఆయన ఏం చెప్పాడో ముసలి తల్లి మీకు చెప్పలేదు. "ఏదో అన్నడు బిడ్డా" అంటుంది.

రక్తం కావాలంటే దాతను అడుగుతారు. ఊళ్లో ఇద్దరు కుర్రాళ్ల గ్రూపులు ముందే తెలుసుకుని ఉంటే ఆ రాత్రి పరుగులు తప్పుతాయి.

ఇక చాయ్ పైసల సంగతి. అమ్మను స్ట్రెచర్ మీద సీటీ స్కాన్‌కు తీసుకుపోయిన మనిషి తలుపు దగ్గర ఆగాడు. తోయడు, మాట్లాడడు, అలా నా జేబు వైపు చూస్తున్నాడు. స్ట్రెచర్ సగం లోపల, సగం బయట. అమ్మ "ఇయ్యరాదు రా, పోనీ" అంది. 100 ఇచ్చాను. ఇవ్వొద్దు అని రాయడం సులువు, ఆ తలుపు దగ్గర నిలబడితే తెలుస్తుంది. తర్వాత నేను చేసిన పని ఏమిటంటే, మరుసటి రోజు నుంచి వీల్‌చైర్, స్ట్రెచర్ నేనే తోసుకున్నాను. ఎవరూ కాదనలేదు. గట్టిగా డబ్బులు అడిగితే వార్డు పేరు, వేళ రాసుకుని, దవాఖాన నిర్వహణ చూసే డాక్టరు ఆర్‌ఎంవో గదికి పోయి చెప్పండి. లంచం కోసం పని ఆపితే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064. ఒకటి మాత్రం మరవొద్దు, అదే వార్డులో అర్ధరాత్రి అమ్మ పక్క మార్చడానికి మొహం చిట్లించకుండా వచ్చిన ఆయమ్మ కూడా ఉంది. నేను ఇవ్వబోయినా తీసుకోలేదు.

ఆరోగ్యశ్రీ

2007 ఏప్రిల్ 1న ఈ పథకం మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పరిమితి పెంచారు. ఇన్నేళ్లయినా రెండు అపోహలు పోలేదు. ఒకటి, రేషన్ కార్డు ఉంటే ప్రతి రోగానికీ ఉచితమని. కాదు. జాబితాలో ఉన్న చికిత్సలకే. అవి 1,600కు పైగా ఉన్నాయి కానీ, మామూలు జ్వరాలు, ఓపీ మందులు అందులోకి రావు. రెండోది, ఆరోగ్యశ్రీ అంటే ప్రైవేటు దవాఖానలకే అని. సర్కారు దవాఖానలోనూ ఆరోగ్యశ్రీ కిందే ఆపరేషన్లు చేస్తారు. అందుకే అక్కడా కార్డు అడుగుతారు, విసుక్కోకుండా ఇవ్వండి.

పని జరిగే తీరు ఇది. ఆపరేషన్ కావాలని డాక్టరు చెప్పగానే, దవాఖానలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్కుకు పోండి. కార్డు, ఆధార్ చూసి పేషెంటు ఫొటో తీసుకుంటారు. పరీక్షల రిపోర్టులతో కలిపి ఆన్‌లైన్లో ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పంపుతారు. అక్కడి నుంచి అనుమతి వచ్చాక ఆపరేషన్. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో ఫోన్ మీదే అనుమతి తీసుకోవచ్చు, ఆ మాట మీరే గుర్తుచేయండి. అనుమతి ఆలస్యమైతే "ఏమైంది?" అని కాదు, "ట్రస్టు నుంచి ఏమైనా క్వెరీ వచ్చిందా, ఏ కాగితం అడిగారు?" అని అడగండి. మా అమ్మ ఫైలు ఆగింది ఆ ఒక్క క్వెరీ దగ్గరే. మొదటి రోజే అడిగి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

ప్రైవేటులో చేరేముందు ఆ దవాఖాన ఆరోగ్యశ్రీ ప్యానెల్లో ఉందా, ఈ రోగానికి ఉందా అన్నది 104కి ఫోన్ చేసి తెలుసుకోండి. గుండెకు ఉన్నచోట ఎముకలకు ఉండకపోవచ్చు. అనుమతి వచ్చిన చికిత్సకు అడ్వాన్స్ కట్టమంటే, మందులు బయట కొనమంటే, రసీదు అడగండి. రసీదు అనేసరికి సగం అడగడాలు ఆగిపోతాయి. ఆగకపోతే మళ్లీ 104. డిశ్చార్జ్ రోజున సంతకం పెట్టమనే కాగితంలో "నా దగ్గర డబ్బులు తీసుకోలేదు" అని ఉందేమో చదివించుకుని పెట్టండి.

గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలు, నారాయణపేట, మక్తల్ వాళ్లకు రాయచూరు తాతలనాటి దవాఖాన దారులు. అవి వేరే రాష్ట్రాల్లో ఉన్నాయి. దగ్గర అని బయల్దేరే ముందు మన కార్డు అక్కడి దవాఖానలో చెల్లుతుందా అని అడిగి పోండి.

కార్డు లేనివాళ్లకు, జాబితాలో లేని చికిత్సకు ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. రెండు రకాలుగా. ఆపరేషన్‌కు ముందే దవాఖాన ఇచ్చిన ఎస్టిమేట్ పెట్టి ఎల్‌ఓసీ, అంటే ఖర్చుకు సర్కారు ఇచ్చే హామీ పత్రం, తెచ్చుకోవడం ఒకటి, పట్నంలోని నిమ్స్ దవాఖానలో చేరినవాళ్లు ఎక్కువగా ఈ దారిలో పోతారు. ముందు ఖర్చుపెట్టి, తర్వాత బిల్లులతో ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టుకోవడం రెండోది. దీనికి ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ కాగితం కావాలి. మెడికల్ షాపు చీటీలు ఇంటికి రాగానే పారేయొద్దు.

పట్నం రెఫర్ చేస్తే

రెఫర్ అన్నప్పుడు కేస్ షీట్ జిరాక్సు, స్కానింగ్ ఫిల్ములు, ఎందుకు పంపుతున్నారో రాసిన కాగితం తీసుకోకుండా కదలొద్దు. పరిస్థితి బాగాలేకపోతే అంబులెన్స్ వాళ్లే ఏర్పాటు చేయాలి, అడగండి. గేటు బయట ప్రైవేటు అంబులెన్స్ వాళ్లు "గాంధీలో బెడ్లు లేవట, మాకు తెలిసిన దవాఖాన ఉంది" అంటే వినొద్దు. ఆ మాట వెనకాల కమీషన్ ఉంటుంది.

నడవగలిగిన పేషెంటైతే దారి ఇలా. ఉస్మానియా దవాఖానకు ఎంజీబీఎస్ బస్టాండులో దిగితే నడిచి పోయేంత దూరం. గాంధీకి ఎంజీబీఎస్ నుంచే మెట్రో ఉంది, స్టేషన్ పేరే గాంధీ హాస్పిటల్. నల్లగొండ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే పంజాగుట్టలో నిమ్స్, లక్డీకాపూల్‌లో దిగితే పిల్లల దవాఖాన నిలోఫర్, క్యాన్సర్‌కు ఎంఎన్‌జే దగ్గర పడతాయి. నిమ్స్‌లో ఓపీకీ పరీక్షలకూ డబ్బులు కట్టాలి, అది పూర్తిగా ఉచితం అనుకుని ఖాళీ జేబుతో పోవద్దు. నల్లగొండ, యాదాద్రి వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ కూడా ఉంది, సికింద్రాబాద్ రైలు దారిలోనే.

పని జరగకపోతే

వరండాలో అరిస్తే పని కాదు. డ్యూటీలో ఉన్న డాక్టరు, తర్వాత ఆర్‌ఎంవో, తర్వాత సూపరింటెండెంట్. ఈ వరుసలో పోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మీదైతే జిల్లా వైద్యాధికారికి, ఏరియా ఆసుపత్రి మీదైతే జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారికి చెప్పాలి. ఒకరిది ఇంకొకరికి ఇస్తే "మా పరిధి కాదు" అని రాసి పంపేస్తారు. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. అర్జీలో తిట్లు రాయొద్దు. తేదీ, వేళ, వార్డు, ఏం జరిగింది, ఏం కావాలి. ఒక పేజీ. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

పేషెంటు రికార్డులు కావాలని రాసి ఇస్తే డాక్టర్లు 72 గంటల్లో ఇవ్వాలన్నది మెడికల్ కౌన్సిల్ 2002లో పెట్టిన నియమం. బీమాకైనా, ఇంకో డాక్టరుకు చూపించడానికైనా పనికొస్తాయి.

రాయడానికి మనసొప్పదు కానీ ఇదీ తెలియాలి. సర్కారు దవాఖానలో మనిషి పోతే ఇంటికి చేర్చడానికి ఉచిత పార్థివ వాహనం ఉంటుంది. ఆ సమయంలో ఎవరికీ గుర్తురాదు. వెంట ఉన్న బంధువు ఎవరైనా క్యాజువాల్టీలో అడగాలి. తెలియక శవాన్ని తీసుకుపోవడానికి అప్పు చేసిన ఇళ్లు మా మండలంలోనే ఉన్నాయి.

డిశ్చార్జ్ రోజు

అందరికీ ఇంటికి పోవాలన్న తొందర. ఒక అరగంట ఆగండి. డిశ్చార్జ్ కాగితంలో పేరు, వయసు, ఏ వైపు కాలికి ఆపరేషన్ అయిందో సరిగ్గా ఉందో లేదో చూడండి. మా అమ్మ కాగితంలో కుడికి బదులు ఎడమ అని పడింది. అక్కడే దిద్దించాం. ఆరోగ్యశ్రీలో డిశ్చార్జ్ తర్వాత 10 రోజుల మందులు ఇవ్వాలన్నది నియమం, ఇవ్వకపోతే ఆరోగ్యమిత్రను అడగండి. కుట్లు ఎప్పుడు విప్పుతారు, ఊళ్లో సిస్టర్ విప్పితే సరిపోతుందా, బరువు ఎప్పటి నుంచి మోపాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి. ఇవన్నీ సిస్టర్ చేత తెలుగులో రాయించుకోండి. మళ్లీ రావాల్సిన తేదీ రాసినప్పుడు అది మీ యూనిట్ ఓపీ రోజేనా, పండగ సెలవు ఏమైనా పడుతుందా అని క్యాలెండర్ చూసి చెప్పమనండి. అన్నీ ఆ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరును పేషెంటు చేతికే ఇవ్వండి.